మిల్లుపేటలో పని నిషిద్ధం

మా మిల్లుపేట చూడవచ్చిన వారికి గేటు దగ్గరే నేనొక మాట చెప్పేవాణ్ణి: "లోపల ఎవరైనా పని చేస్తూ కనిపిస్తే దయచేసి కార్యాలయానికి తెలియజేయండి." జనం నవ్వేవారు. ముసలాయన హాస్యమాడుతున్నాడనుకునేవారు. హాస్యమాడటానికి నాకు అనుమతి లేదు. లోపల పని చేయరాదన్నది మా నిబంధనావళిలో పద్నాలుగో నిబంధన.

నా పేరు పేర్రాజు. జూటు మిల్లు నడిచిన రోజుల్లో టైమాఫీసు గుమాస్తాని. మూడు షిఫ్టుల కార్మికులకీ హాజరు వేసేవాణ్ణి. మిల్లు మూతపడి ఇరవై రెండేళ్లయింది. పందొమ్మిదేళ్లపాటు, తూర్పు మూల ఒక్క షెడ్డు మినహా, అక్కడ తుమ్మలూ పాములూ తప్ప ఏమీ లేవు. తర్వాత ఒక పెద్దాయన విదేశాలకు వెళ్లి, పాత మిల్లుల్లో పాటలు పాడుకుంటూ భోజనాలు చేస్తున్న జనాన్ని చూసి వచ్చాడు. వచ్చిన ఆర్నెల్లకే మా మిల్లుకి ఒక మండలి ఏర్పడింది. దాని పూర్తి పేరు పూర్వ పారిశ్రామిక వారసత్వ సాంస్కృతిక నిశావిహార మండలి. బోర్డు రాయిస్తే మిల్లు గోడ చాలలేదు. "నిశావిహార" దగ్గర గోడ అయిపోయి, మిగతాది మూల తిరిగి సందులో పడింది. అందుచేత పెద్దరోడ్డు మీద నుంచి వచ్చేవారికి మాది వట్టి సాంస్కృతిక మండలి. సందులోంచి వచ్చేవారికి వేరే ఉద్దేశాలుంటాయి.

నన్ను పిలిచి నీలం చొక్కా తొడిగి "వారసత్వ వ్యాఖ్యాత" అన్నారు. సాయంత్రం నాలుగు నుంచి జనాన్ని వెంటేసుకుని తిప్పడం నా ఉద్యోగం.

ముందు నేత షెడ్డు చూపిస్తాను. మూడొందల మగ్గాలు ఒక్కసారి ఆడితే అక్కడ పక్కవాడి మాట వినబడేది కాదు, సైగలతో మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడది సంగీతశాల. ఇప్పుడూ పక్కవాడి మాట వినబడదు. ఆ మేరకు వారసత్వం నిలబెట్టాం. తర్వాత డిస్పెన్సరీ. మా కాంపౌండరు సీసా మీద కాగితం పట్టీ కత్తిరించి అంటించి డోసులు గుర్తుపెట్టేవాడు. బారుగా మారాక కూడా ఆ పట్టీ అంటిస్తూనే ఉన్నారు. పూటకో గీత చొప్పున తాగమని డాక్టరు గారు చెప్పేవారు. ఇప్పుడు ఒక్క గీతతో ఆగిపోయినవాణ్ణి స్నేహితులు వెక్కిరిస్తారు. ఆ పక్క మేనేజరు బంగళాలో "ఘెరావ్" అనే హోటలు పెట్టారు. యూనియన్ వాళ్లు మేనేజరును కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ నిలబడిన సంఘటనకి అది జ్ఞాపకం. వడ్డించేవాళ్లు పదకొండుమంది మీ బల్ల చుట్టూ నిలబడి, మీరు తీపి కూడా తెప్పించుకునేదాకా కదలరు. ఆ రోజు మేనేజరుకి మంచినీళ్లివ్వలేదు. ఇక్కడా అడిగితే గాని ఇవ్వరు.

ఇంత సందడి మధ్య పద్నాలుగో నిబంధన ఎందుకొచ్చిందంటారా? దాని పాఠం ఇది: "మండలి పరిధిలో పారిశ్రామిక వాతావరణము ఎల్లవేళలా నెలకొని ఉండవలెను. అయితే పారిశ్రామిక కార్యకలాపము ఏదియు జరుగరాదు." వాతావరణం కోసం ఎనిమిది స్పీకర్లు బిగించారు. వాటిలోంచి మిల్లు చప్పుడు వస్తుంది. అది మా మిల్లు చప్పుడు కాదు. మా మిల్లు మూసేటప్పుడు దాని చప్పుడు దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. వేరే రాష్ట్రంలో ఇంకా నడుస్తున్న మిల్లు దగ్గర రికార్డు చేసి తెచ్చారు.

అంతా బాగానే ఉంది గాని, తూర్పు గేటు పక్క వర్క్‌షాపులో ఒక మనిషి నిజంగా పని చేస్తున్నాడు.

అతను లేతు నాగలింగం. మిల్లు వర్క్‌షాపులో ఇనుమును తిప్పి చెక్కే లేతు మిషను మీద ఇరవై ఏళ్లు చేశాడు. మిల్లు మూసి పాత ఇనుము కింద అన్నీ వేలం వేసినప్పుడు, తన లేతు తనే పాడుకుని, దాన్ని అక్కణ్ణుంచి అంగుళం కదపకుండా ఆ షెడ్డులోనే పని సాగించాడు. ఆ లేతుకి అడుగున పోసిన పునాది అలాంటిది. కదిపితే సెంటరు తప్పుతుంది, మళ్లీ ఈ జన్మలో కుదరదు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ల రైతులు పంపు షాఫ్టు విరిగినా, చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటరు అరిగినా అతని దగ్గరికే వస్తారు. నాగలింగానికి అరవై నాలుగేళ్లు. పండక్కి కూడా సెలవు పెట్టడు. ఆయుధపూజ నాడు మాత్రం లేతుకి సెలవిచ్చి తను ఎదురుగా కూర్చుంటాడు.

మండలి కార్యనిర్వహణాధికారి ప్రభంజన్ గారు ఒక రోజు నన్ను పిలిచారు. పక్కన తన్విత గారున్నారు. ఆమె మా అనుభూతి సలహాదారు. సందర్శకుడికి ఎక్కడ ఏ అనుభూతి కలగాలో ఆమె నిర్ణయిస్తారు.

"తూర్పు వైపు నుంచి ఒక శబ్దం వస్తోంది," అన్నారామె. "మన స్పీకర్ల శబ్దానికి అడ్డుపడుతోంది. చాలా కృత్రిమంగా ఉంది."

"అది నిజం లేతండీ," అన్నాను.

"అదే నేను చెప్పేది. జనం నమ్మడం లేదు."

ప్రభంజన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన వాలితే ఉపన్యాసం వస్తుంది. "పేర్రాజు గారూ, మండలి పనికి వ్యతిరేకం కాదు. శ్రమను మండలి అత్యున్నతంగా గౌరవిస్తుంది. గౌరవించదగిన దాన్ని రోజూ వాడి అరగదీయరాదన్నదే మా విధానం."

ఆ మర్నాడే నాగలింగానికి నోటీసు వెళ్లింది. "మీరు మండలి పరిధిలో పని చేయుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది ఎంతమాత్రమును సహించరాని విషయము. ముప్పది దినములలో పని మానవలెను, లేనిచో షెడ్డు ఖాళీ చేయవలెను."

నాగలింగం ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. చేతుల గ్రీజు అంటకుండా రెండు వేళ్లతో అంచు పట్టుకున్నాడు.

"ఇదేంటండీ పేర్రాజు గారూ? పని దొంగలకి నోటీసులివ్వడం ఎరుగుదుం గానండి, పని చేసేవోడికి నోటీసేంటండీ?"

"రూలు అలా ఉంది."

"మరి నేనేటైపోవాలండీ? ఇది కదిపితే మిసను చచ్చిపోద్ది. మిసను పోయాక నేనుండి ఎవరికండీ ఉపయోగం?"

గొంతు పెంచకుండా అడిగాడు. అందుకే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఇరవై ఏళ్లు ఆ మనిషికి హాజరు వేశాను. ఒక్క ఆబ్సెంటు లేదు.

ముల్లును ముల్లుతోనే తియ్యాలని, ఒక అర్జీ రాశాను. "సదరు నాగలింగము కార్మికుడు కాడు, సజీవ వారసత్వము. కావున అతనిని అచటనే ఉంచి కాపాడవలసినదిగా ప్రార్థన." అది ప్రభంజన్ గారికి ఎంత నచ్చిందంటే, అదే రోజు సంతకం చేసి కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: "లేతు కార్మికుడు అను పాత్రను సృష్టించి, తగు అభ్యర్థిని పరీక్ష ద్వారా ఎంపిక చేయవలెను."

పరీక్షకి పదకొండుమంది వచ్చారు. పదిమంది నటులు, పదకొండోవాడు నాగలింగం. తన షెడ్డులో, తన లేతు ముందు, తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాడు. ఫ్యూజు పీకేసి ప్రభంజన్ గారి సొరుగులో పెట్టారు. మిషను తిరిగితే అది పనవుతుంది, తిరక్కపోతే కళ.

నాగలింగం వంతు వచ్చింది. లేతు ముందు నిలబడి, ఇనుమును పట్టుకునే చక్కులో కమ్మీ బిగించి, దాని వంక చూస్తూ ఉండిపోయాడు. రెండు నిమిషాలయ్యాక తన్విత గారు అడిగారు: "ఏం చేస్తున్నారు?"

"కరెంటు కోసం చూత్తన్నానండి."

న్యాయనిర్ణేతల అభిప్రాయం నేనే ఫైలులో కట్టాను: "అభ్యర్థి ముఖమున శ్రమ కనిపించుట లేదు. చెమట లేదు. ప్రేక్షకులకు వీపు పెట్టి యంత్రము వైపే చూచుచున్నాడు. కార్మికుని కదలికలపై అవగాహన తక్కువ. నూటికి పదునెనిమిది మార్కులు."

ఎంపికైనవాడు రోహన్ తేజ అని టీవీ సీరియల్లో పెద్దింటి అల్లుడి వేషం వేస్తున్న కుర్రాడు. మొహానికి మసి పూసుకుని, సీసాతో చెమట చల్లుకుని, సుత్తి తీసుకుని లేతుకి నున్నటి పీటలా ఉన్న బెడ్డు మీద దబదబా బాదాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాగలింగం మాత్రం బెంచీ మీంచి లేచి, పసిపిల్లని కొడుతుంటే అడ్డం పడినట్టు అడ్డం పడ్డాడు.

"బాబూ, నీకు దణ్ణం పెడతాను. బెడ్డు మీద సుత్తెట్టకు. అద్దంలా గీకి సాపు చేసిందది. కొట్టాలనిపిత్తే నన్ను కొట్టు."

"ఇదీ అసలైన భావోద్వేగం!" అన్నారు తన్విత గారు. "పరీక్షలో చూపించి ఉంటే బాగుండేది."

ఇరవై రోజులు పోయాయి. నోటీసు గడువు ఇంకా పది రోజులుంది. నాగలింగం షెడ్డు బయట స్టూలు వేసుకుని, వచ్చిన రైతుల్ని వెనక్కి పంపుతున్నాడు. నాకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బదిలీ.

మిల్లులో బదిలీ అంటే ట్రాన్స్‌ఫరు కాదు. పర్మనెంటు కార్మికుడు రాని రోజున అతని బదులు పనిచేసేవాడు బదిలీ. సైరను కూసే వేళకి బదిలీలంతా గేటు దగ్గర తమ ఇత్తడి బిళ్లలు పట్టుకుని నిలబడేవారు. ఎవరు రాలేదో చూసి, నేను వేలు చూపిస్తే వాడికి ఆ రోజు పని. ఆ వేలు చూపించడం నా జీవితంలో నేను చేసిన ఏకైక అధికారం. ప్రభంజన్ గారికి ఈ ఆచారం గురించి చెప్పేసరికి కళ్లు మెరిశాయి.

"ఎంత ప్రామాణికమైన ఆచారం! తక్షణం పునరుద్ధరించండి. సాయంత్రం ఆరుకి, సందర్శకులు చూస్తుండగా."

అలా నాగలింగం రోజూ ఆరు గంటలకి తన పాత బిళ్ల, నంబరు నాలుగు వందల పన్నెండు, చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. సీరియలు షూటింగుంటే రోహన్ తేజ రాడు. నేను వేలు చూపిస్తాను. నాగలింగంలా నటించే కుర్రాడికి బదులు నాగలింగం వెళ్లి, తన లేతు ముందు తనలా నిలబడతాడు. చక్రం మాత్రం తిరగదు.

"ఎలా ఉంది నాగలింగం?" అని అడిగాను రెండో రోజు.

"తిరగని మిసను ముందు నిలబడితే నాకే కళ్లు తిరుగుతున్నాయండి," అన్నాడు.

ముప్పయ్యో రోజు మండలి వార్షికోత్సవం. రాజధాని నుంచి సాంస్కృతిక వ్యవహారాల ప్రధానాధికారి ఒకాయన వస్తున్నారు. ఆయనకి మా పేట నచ్చితే ఇలాంటివి ఇంకో నాలుగు ఊళ్లలో పెడతారట, నాలుగింటికీ ప్రభంజన్ గారే పెద్దవుతారట. నాగలింగం గురించి ప్రభంజన్ గారు ముందే తేల్చి చెప్పారు. "బదిలీ వేషం వేసినా, గడువు గడువే. ఉత్సవం మర్నాడు షెడ్డుకి తాళం. లేతుకి వెండిరంగు వేసి ప్రవేశద్వారం దగ్గర నిలబెడతాం."

ఉత్సవం నాడు రోహన్ తేజ రాలేదు. సీరియల్లో అతనికి రెండో పెళ్లి. ఆరింటికి నేను వేలు చూపించాను, నాగలింగం లోపలికెళ్లాడు. అతని వెనకే మోటారుసైకిలు మీద ఒక రైతు వచ్చిపడ్డాడు. లుంగీ మోకాళ్ల దాకా బురద, చేతిలో గోనెసంచిలో చుట్టిన ఇనప ముక్కలు. కడలి సూర్రావు. రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తాడు.

"లింగం గారేరండీ? ఏరియేటరు షాఫ్టు ఇరిగిపోయిందండి. మబ్బు పట్టేసింది, గాలాగిపోయింది. ఇంకో గంటన్నర చూత్తే రొయ్య పైకి తేలిపోద్దండి. మూడు నెల్ల పంట!"

గేటు కాపలావాళ్లు సంచీ విప్పి చూశారు. "ఇది పనికి సంబంధించిన వస్తువు. లోపలికి పోదు."

సూర్రావు నా మొహంలోకి చూశాడు. నాకు ఉద్యోగం మీద భయం ఉంది, అబద్ధమెందుకు? ఈ వయసులో మరో నీలం చొక్కా ఎవరిస్తారు? అయినా నోరు దానంతటదే తిరిగింది. "ఇతను నటుడు. రైతు వేషం. చేతిలోది రంగస్థల సామగ్రి," అన్నాను.

కాపలావాడు సూర్రావుని పైనుంచి కిందకి చూశాడు. "మేకప్పు బాగా కుదిరింది," అని లోపలికి వదిలాడు.

నేనూ అతని వెనకే వెళ్లాను. షెడ్డులో నూట యాభై కుర్చీలు నిండిపోయాయి. ముందు వరసలో ప్రధానాధికారి, ఆయనకి కుడివైపు ప్రభంజన్ గారు, ఎడమవైపు తన్విత గారు. దీపాల వెలుగులో లేతు, దాని ముందు కట్టుకున్న చేతులతో నాగలింగం. సూర్రావు తిన్నగా ప్రేక్షకుల మధ్యలోంచి వెళ్లి సంచీ లేతు మీద పెట్టాడు.

"లింగం గారూ, తొమ్మిదో నంబరు చెరువు. ఉన్న ఏరియేటరదొక్కటేనండి. మీరు కాదంటే ఇంటికెళ్లను నేను."

నాగలింగం విరిగిన షాఫ్టు తీసి చూశాడు. రెండు ముక్కలూ కలిపి వేలితో తడిమాడు. తర్వాత ముందు వరసకేసి చూశాడు, ఫ్యూజు లేని బోర్డుకేసి చూశాడు. చొక్కా జేబులోంచి వెంట్రుక మందం రాగి తీగ తీశాడు.

"నాగలింగం, వద్దు," అన్నాను నెమ్మదిగా.

"మిల్లులో ఇరవయ్యేళ్లు ఈ బోర్డుకి ఫ్యూజు వేసిందెవరనుకుంటున్నారండీ?" అన్నాడు. మెలిపెట్టి వేశాడు. మీట నొక్కాడు.

లేతు తిరిగింది.

ఆ చప్పుడు పుట్టగానే ఎనిమిది స్పీకర్ల చప్పుడు ఎంత తప్పుడుదో అందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. ఎవరో వెళ్లి వాటిని ఆపేశారు. నాగలింగం మూలనున్న కమ్మీ తెచ్చి చక్కులో బిగించాడు. టూలు ఆనించగానే ఇనుము సన్నటి చుట్టలుగా లేచింది, మొదట తెల్లగా, తర్వాత నీలంగా. నూనె వాసన షెడ్డంతా అలుముకుంది. అతను ఎప్పట్లాగే ప్రేక్షకులకి వీపు పెట్టాడు. కోత, ఆపడం, క్యాలిపరుతో కొలత, మళ్లీ వెంట్రుకవాసి కోత. సూర్రావు ఒక కాలి మీద నిలబడ్డవాడిలా అటూ ఇటూ ఊగుతూ, చేతిలో ఫోనులో కొడుకు మీద అరుస్తున్నాడు: "తేలాయేంట్రా? ఎన్ని తేలాయి? పడవెక్కి తెడ్డుతో చిలకరా! వత్తన్నాను!"

నలభై నిమిషాలు నూట యాభైమంది దగ్గలేదు. ఒక ఆవిడ ఏడ్చేసింది. నేను ప్రభంజన్ గారి మొహం చూశాను. ఆయన మొహంలో రంగులు ఆ ఇనప చుట్టలకన్నా వేగంగా మారుతున్నాయి. నిబంధన ఆయన పక్కనే కూర్చుని ఉంది, ప్రమోషను ఇంకో పక్కన.

నాగలింగం షాఫ్టు తీసి, గుడ్డతో తుడిచి, గేరు పెట్టెలోకి సరిపోయే కొన మీద బొటనవేలు రాసి చూసి సూర్రావు చేతిలో పెట్టాడు. "ఎల్లు. వేడిగా ఉంది, గోనెలో చుట్టు." సూర్రావు దాన్ని కళ్లకద్దుకుని, కుర్చీల మధ్యనుంచి పరుగెత్తి, మోటారుసైకిలెక్కి పోయాడు. నాగలింగం లేతు ఆపి, బెడ్డు మీద పొట్టు చీపురుతో తుడవడం మొదలెట్టాడు.

షెడ్డు దద్దరిల్లింది. జనం లేచి నిలబడి కొడుతున్నారు చప్పట్లు. ప్రధానాధికారి కళ్లు తుడుచుకుని ప్రభంజన్ గారి చెయ్యి పట్టుకున్నారు. "అద్భుతం! రచన ఎవరిది?"

ప్రభంజన్ గారు చొక్కా సర్దుకున్నారు. "సమష్టి కృషి సార్," అన్నారు.

"రైతు పాత్రధారి కాస్త అతి చేశాడు," అన్నారు తన్విత గారు.

అంతటితో అయిపోలేదు. ఉత్సవం జరుగుతుండగా లేతు తిరిగిందని ఎవరో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. జరిగింది పని అయితే పద్నాలుగో నిబంధన ఉల్లంఘన, నాగలింగం ఆ రోజే ఖాళీ చెయ్యాలి. నటన అయితే అది మండలి విజయం. పనా, నటనా తేల్చడానికి త్రిసభ్య సంఘం ఏర్పడింది. ప్రభంజన్ గారు, తన్విత గారు, ఒక ఇంజనీరు. రాసుకోవడానికి నేను. తేల్చగల సాక్ష్యం ఒక్కటే, ఆ షాఫ్టు. అది బొమ్మ షాఫ్టయితే నటన. నిజంగా తిరిగేదయితే పని.

కారులో చెరువు గట్టుకి వెళ్లాం. ఏరియేటరు గిరగిరా తిరుగుతోంది, నీళ్లు తెల్లగా చిమ్ముతున్నాయి. తిరుగుతున్న షాఫ్టుకన్నా పెద్ద నేరం ఇంకేముంటుంది?

"పరిశీలన నిమిత్తం దాన్ని ఆపించవలెను," అన్నారు ప్రభంజన్ గారు.

"ఆపితే రొయ్యలు చత్తాయండి," అన్నాడు సూర్రావు. "ఆ రాత్రి లింగం గారు లేకపోతే ఈపాటికి గట్టంతా కంపు కొట్టేది. మీ మిల్లుపేట హోటళ్లకి రొయ్యలు పోసేది ఈ చెరువేనండి. ముందు భోంచేయండి, తర్వాత ఆపుదురుగాని."

ఇగురు పెట్టించాడు, వేపుడు చేయించాడు. సంఘం సభ్యులు ముగ్గురూ ఆ రోజు ఉపవాసమనే చెప్పారు మొదట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మిగల్లేదు. తిన్నాక ఏరియేటరు ఆపే ప్రస్తావన ఎవరూ తేలేదు. చెట్టు నీడలో కూర్చుని ప్రభంజన్ గారు నివేదిక చెప్పారు, నేను రాశాను. పాము చావకుండా కర్ర విరక్కుండా ఆయన చెప్పిన వాక్యం అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "సదరు షాఫ్టు క్షేత్రస్థాయిలో పరిశీలించబడినది. అది నీటి యందు తిరుగుచున్నట్లు అత్యంత సహజముగా నటించుచున్నది."

షాఫ్టే నటిస్తుంటే, దాన్ని చేసినవాడు నటుడు కాక ఏమవుతాడు? నాగలింగం ఖాళీ చెయ్యనవసరం లేదన్నారు. పైగా ఆ ప్రదర్శన రోజూ జరగాలన్నారు. పేరు "విరిగిన షాఫ్టు". ఒక నటుడుంటే చాలదు కనుక రైతు పాత్రధారులకి దరఖాస్తు ఫారం తయారుచేశాను. పాత్ర: రైతు. దుస్తులు: సొంతవి. సంభాషణలు: సొంతవి. సామగ్రి: విరిగిపోయిన పంపు షాఫ్టు, లేదా అరిగిపోయిన బుష్షు. రిహార్సళ్లు పొద్దున్న ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా. ముప్పై ఊళ్ల నుంచి కళాకారులు వరసకట్టారు. ఇంత ప్రతిభ మన డెల్టాలో దాగి ఉందని మండలి ఆశ్చర్యపోయింది. రోహన్ తేజ కూడా సీరియలు మానేసి వచ్చి, "బాబాయ్, సుత్తి ముట్టుకోను, ఆ చక్కు బిగించడం నేర్పవా?" అని నాగలింగం పక్కన నిలబడుతున్నాడు.

ఏడాది చివర అవార్డుల సభ జరిగింది. వేదిక మీద ప్రధానాధికారి, ప్రభంజన్ గారు, ఇంకా ఎనిమిదిమంది డైరెక్టర్లు, సలహాదారులు, ఉపసలహాదారులు బారుగా కూర్చున్నారు. నాగలింగానికి ఉత్తమ నటుడు. సన్మానపత్రం నేనే చదివాను: "నలుబది సంవత్సరములుగా పని చేయుచున్నట్లు అద్వితీయముగా నటించుచున్న శ్రీ నాగలింగము గారికి." శాలువా కప్పారు, జ్ఞాపిక చేతికిచ్చారు, మైకు ముందు నిలబెట్టారు. అతనికి మైకు కొత్త. ముందు దాని స్టాండు ఊగుతోందని మర బిగించాడు.

"అందరికీ దణ్ణాలండి," అన్నాడు. "పని చేత్తన్నట్టు నటించినందుకని ఇచ్చారండి ఇది. నాకు సిగ్గుగా ఉందండి. ఇంతమంది పెద్దోళ్లు వేదిక మీద ఉండగా, నిన్నగాక మొన్నొచ్చిన నాకివ్వడం న్యాయం కాదండి."

సభలో చప్పట్లు మోగాయి. అందరికన్నా ముందు కొట్టింది ప్రభంజన్ గారే. అది కూడా నాటకంలో సంభాషణే అనుకున్నారు.

నాగలింగం శాలువా మడిచి నా చేతికిచ్చి, చీకటి పడకముందే షెడ్డుకి వెళ్లిపోయాడు. ఎవరిదో పంపు షాఫ్టు సగంలో ఉందట.

పద్నాలుగో నిబంధన ఇప్పటికీ ఉంది. ప్రతి నెలా తనిఖీ వాళ్లు వచ్చి వెనక వరసలో కూర్చుని చూస్తారు. అందుకని, మా మిల్లుపేట చూడవచ్చిన మీకు గేటు దగ్గర నేను చెప్పే మాట మార్చాను. లోపల తూర్పు షెడ్డులో ఒక ముసలాయన మీకు వీపు పెట్టి పని చేస్తూ కనిపిస్తాడు. దయచేసి చప్పట్లు కొట్టండి. గట్టిగా కొట్టండి. మీరు కొట్టడం మానేసిన రోజున అది పనైపోతుంది, అతని షెడ్డుకి తాళం పడుతుంది.